నడిచి బడికి వెళ్ళే పిల్లలకు రోడ్డు భద్రత బోధన

ప్రాథమిక తరగతుల పిల్లలకు రోడ్డు భద్రత నేర్పడమంటే ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చదివే పిల్లలు బడికి, కొట్టుకి, గుడికి కాలినడకన వెళ్ళేటప్పుడు బళ్ళ నుంచి తమను కాపాడుకునే అలవాట్లు వాళ్ళకు పట్టుబడేలా చేయడం. ఈ బోధనకు ప్రపంచంలో డెబ్భై ఏళ్ళకు మించిన చరిత్ర ఉంది, పరిశోధనలూ బాగానే జరిగాయి. మన దగ్గర మాత్రం అది చాలాచోట్ల గోడ మీద చార్టు, జనవరిలో ఒక ర్యాలీ, ఒక వ్యాసరచన పోటీ దగ్గరే ఉండిపోయింది. అది ఎందుకు చాలదో, ఏది పనికొస్తుందో తేలాలంటే ఒక ఊరిని ఎదురుగా పెట్టుకుని ఆలోచించాలి. నక్కపల్లి అందుకు తగిన ఊరు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు నర్సీపట్నం డివిజన్‌లోకి వచ్చిన ఈ మండల కేంద్రం, చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద, యలమంచిలికీ తునికీ మధ్య ఉంది. పాతవాళ్ళకు ఇది 5వ నంబరు రోడ్డు. ఈ హైవే నుంచే ఉపమాక వేంకటేశ్వరస్వామి గుడికి దారి చీలుతుంది. సముద్రం వైపు రాజయ్యపేట లాంటి మత్స్యకార గ్రామాలున్నాయి. ఇక్కడ కట్టబోయే బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అంటే ఇప్పుడున్న లారీలకు తోడు టిప్పర్లు, ట్యాంకర్లు, కంపెనీ బస్సులు ఇంకా పెరుగుతాయి. ఇలాంటి ఊళ్ళో పిల్లలకు నేర్పాల్సినవి రెండు, వాటిని కలపకూడదు. ఊరి వీధుల్లో, ఊరి రోడ్ల మీద నడవడం పిల్లలకు రోడ్డు మీదే నేర్పాలి. నాలుగు వరుసల హైవేని ఒంటరిగా దాటడం మాత్రం నేర్పనే కూడదు, పెద్దలే చెయ్యి పట్టుకుని దాటించాలి. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే.

సమస్య ఎంత పెద్దదో ముందు చూద్దాం. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్ళేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు 9,528 మంది, అంటే రోజుకు 26 మంది. దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతమే అయినా, ఎక్స్‌ప్రెస్‌వేలతో కలిపి చావుల్లో 36 శాతం వాటి మీదే జరిగాయి. పాదచారుల చావులు పోలీసు రికార్డుల్లో తక్కువగా నమోదవుతున్నాయని ఢిల్లీ ఐఐటీకి చెందిన దినేష్ మోహన్, గీతం తివారి చాలా ఏళ్ళుగా చెబుతూ వచ్చారు. కాబట్టి పైన చెప్పిన పాదచారుల అంకెను కనీస అంకెగానే తీసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 5 నుంచి 29 ఏళ్ళ లోపువాళ్ళ చావులకు మొదటి కారణం ఏ జబ్బూ కాదు, రోడ్డే.

పిల్లలు రోడ్డు మీద ఎందుకు దెబ్బతింటారని అడిగితే పెద్దల నోటి నుంచి వచ్చే మాట ఒకటే: చూసుకోకుండా పరిగెత్తాడు. ఈ మాట సగమే నిజం. పిల్లవాడు చూస్తాడు, చూసినదాన్ని పెద్దవాళ్ళలా లెక్క కట్టలేడు. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టినా సాండెల్స్ 1968లో అచ్చువేసిన పుస్తకంలో ఈ సంగతి గట్టిగా చెప్పారు. చిన్నపిల్లలను నేటి ట్రాఫిక్‌కు పూర్తిగా తగినట్టు మలచడం ఎంత నేర్పినా సాధ్యం కాదని, ట్రాఫిక్‌నే పిల్లలకు తగినట్టు మార్చాలని ఆమె తేల్చారు. తర్వాతి పరిశోధనలు దీనికి కొలతలు చేర్చాయి. బ్రిటన్‌లో ఆంపోఫో-బోటెంగ్, జేమ్స్ థామ్సన్ 1991లో అచ్చువేసిన అధ్యయనంలో అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లలను రోడ్డు దాటడానికి మంచి చోటు చూపించమన్నారు. కంటికి బండి కనబడకపోతే చాలు, పిల్లలు ఆ చోటు సురక్షితమనుకున్నారు. మలుపు దగ్గరైనా, గోడ చాటైనా, ఎత్తు దిగే చోటైనా వాళ్ళకు తేడా లేదు. బండి అవతల దాగి ఉండవచ్చన్న ఊహే రాలేదు. తిన్నగా అవతలికి వెళ్ళే అతి దగ్గర దారే మంచి దారి అనుకున్నారు. 2011లో లండన్ రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు ఇంకో లోపం కనిపెట్టారు. దూరం నుంచి వచ్చే బండి దగ్గరవుతున్నకొద్దీ కంటికి పెద్దదవుతూ కనిపిస్తుంది. ఆ పెరుగుదలను బట్టే మనం వేగం అంచనా వేస్తాం. ప్రాథమిక తరగతుల పిల్లల కన్ను ఆ పెరుగుదలను గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటిన వేగాల్లో నమ్మకంగా పట్టుకోలేదు. అంతకన్నా వేగంగా వచ్చే బండి వాళ్ళకు నిలబడి ఉన్నట్టే అనిపించవచ్చు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వారు కృత్రిమ రోడ్డు మీద చేసిన పరీక్షల్లో ఆరేళ్ళ పిల్లలు దాటిన ప్రయత్నాల్లో 8 శాతం గుద్దుకోవడంతో ముగిశాయి. పన్నెండేళ్ళ వాళ్ళలో అది 2 శాతానికి తగ్గింది, పద్నాలుగేళ్ళ వాళ్ళలో పూర్తిగా పోయింది. ఆరేళ్ళ పిల్లవాడు మొండివాడై, అల్లరివాడై దెబ్బ తినడం లేదన్నమాట. అతని కళ్ళు, బుద్ధి ఇంకా ఆ పనికి సిద్ధం కాలేదు.

ఇప్పుడు దీన్ని నక్కపల్లి హైవేకి అన్వయించి చూడండి. నాలుగు వరుసల రహదారిలో ఒక పక్క రెండు వరుసల వెడల్పు ఏడు మీటర్లు. ఒకటో తరగతి పిల్లవాడు సంచి వేసుకుని సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటే డివైడర్ చేరడానికి దాదాపు ఆరు సెకన్లు పడుతుంది. 2018లో కేంద్రం ఇలాంటి రోడ్ల మీద కార్లకు 100, సరకు బళ్ళకు 80 కిలోమీటర్ల వేగం అనుమతించింది. 100 వేగంతో వచ్చే కారు ఆ ఆరు సెకన్లలో సుమారు 165 మీటర్లు వచ్చేస్తుంది. 165 మీటర్ల అవతలున్న కారు తన దగ్గరికి ఎప్పుడు చేరుతుందో ఆరేళ్ళ పిల్లవాడు తేల్చాలన్నమాట. బండి 30 వేగంతో వస్తే అదే ఆరు సెకన్లలో 50 మీటర్లే కదులుతుంది, అది అతని కన్ను అందుకోగల దూరం. డివైడర్ చేరాక మరో చిక్కు. లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా డివైడర్ల మీద గన్నేరు, కాగితంపూల మొక్కలు పెంచుతారు. ఆరేళ్ళ పిల్లవాడి ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు. గుబురుగా పెరిగిన మొక్క అతన్ని పూర్తిగా కప్పేస్తుంది. డ్రైవరుకు పిల్లవాడు కనబడడు, పిల్లవాడికి బండి కనబడదు. దీనికి తోడు రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు, బైకులు. యూటర్న్ దూరంగా ఉందని ఎదురు వచ్చేవాళ్ళు ఏ హైవే ఊళ్ళోనైనా ఉంటారు. పుస్తకాల్లో చెప్పే 'కుడి, ఎడమ, మళ్ళీ కుడి' సూత్రం రెండు దిక్కులా బళ్ళు నడిచే మామూలు రోడ్డు కోసం పుట్టింది. డివైడర్ ఉన్న రోడ్డులో మొదటి సగం దాటేటప్పుడు బళ్ళు కుడి నుంచి, రెండో సగంలో ఎడమ నుంచి రావాలి. రాంగ్ రూట్ వాళ్ళ పుణ్యమా అని ప్రతి సగంలోనూ రెండు దిక్కులూ చూడక తప్పదు. పెద్దవాళ్ళే తడబడే ఈ లెక్కను పాట రూపంలో నేర్పి, పిల్లవాణ్ణి హైవే అంచున వదిలేయడం నా దృష్టిలో భద్రత బోధన కాదు.

బోధన చరిత్ర కూడా ఇదే చెబుతుంది. బ్రిటన్‌లో 1953లో ప్రమాద నివారణ సంఘం వారు టఫ్టీ అనే ఉడుత పాత్రను సృష్టించారు. 1961లో ఆ పేరుతో చిన్నపిల్లల క్లబ్బులు పెట్టారు. 1970లో గ్రీన్ క్రాస్ కోడ్ వచ్చింది: ముందు మంచి చోటు వెతుకు, ఆగు, చూడు, విను, అప్పుడు దాటు. పిల్లలు ఈ వరుసను చక్కగా అప్పజెప్పారు. కానీ అప్పజెప్పడం వేరు, రోడ్డు పక్కన నిలబడినప్పుడు చేయడం వేరు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టయింది. ఈ రంగంలో జరిగిన పరీక్షలన్నిటినీ డ్యూపెరెక్స్, బన్, రాబర్ట్స్ 2002లో ఒకచోట చేర్చి తూచారు. నమ్మదగిన పరీక్షలు పదిహేను తేలాయి. బోధన వల్ల పిల్లల తెలివిడి పెరుగుతుంది, రోడ్డు దాటే తీరు కూడా కొంత మెరుగవుతుంది, అయితే కాలం గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ నేర్పాలి. గాయాలు, చావులు తగ్గాయో లేదో మాత్రం ఆ పదిహేనింటిలో ఒక్కటీ కొలవలేదు. అంతేకాదు, వాటిలో ఒక్కటి కూడా పేద దేశంలోనో మధ్యస్థ ఆదాయపు దేశంలోనో జరిగింది కాదు. నిండైన ఫుట్‌పాత్‌లు, అదుపులో ఉన్న వేగాలు ఉన్న ఊళ్ళలోనే ఫలితం ఇంత జాగ్రత్తగా చెప్పాల్సి వచ్చిందంటే, హైవే పక్క ఊళ్ళో చార్టు మీద ఎంత భారం పెట్టవచ్చో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

అలాగని బోధన దండగ అని చెప్పడం తప్పు. పని చేసే పద్ధతి ఒకటి ఉంది, అది రోడ్డు మీద జరుగుతుంది. గ్లాస్గో నగరంలో డ్రమ్‌చాపెల్ అనే పేదల పేటలో, స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ థామ్సన్ బృందం 1990ల్లో దీన్ని రూపొందించింది. తర్వాత దానికి కెర్బ్‌క్రాఫ్ట్ అనే పేరొచ్చింది. నేర్పేవాళ్ళు టీచర్లు కారు, ఆ పేటలోనే ఉండే తల్లిదండ్రులు, ముందుగా కొంత శిక్షణ పొందినవాళ్ళు. ఒక పెద్దమనిషి వెంట ఇద్దరు ముగ్గురు పిల్లలు మాత్రమే. బడి చుట్టూ ఉన్న నిజమైన వీధుల్లోకి తీసుకెళ్ళి మూడు నేర్పులే నేర్పారు: దాటడానికి మంచి చోటు వెతుక్కోవడం, ఆగి ఉన్న బళ్ళ మధ్య నుంచి దాటాల్సి వస్తే ఎలా దాటాలో తెలుసుకోవడం, కూడలి దగ్గర అన్ని వైపులా చూడటం. పెద్దవాళ్ళు జవాబు చెప్పరు. 'ఇక్కడ దాటొచ్చా? ఎందుకు దాటకూడదు? ఆ మలుపు అవతల ఏముండొచ్చు?' అని అడుగుతారు. పిల్లలు ఆలోచించి, అవసరమైతే పక్కకు నడిచి చూసి చెబుతారు. అయిదేళ్ళ పిల్లల్లో కూడా మెరుగుదల కనబడింది, కొన్ని నెలల తర్వాత చూసినా అది నిలిచింది.

ఈ పద్ధతిని నక్కపల్లికి తెస్తే ఒక పూట పాఠం ఇలా ఉంటుంది. ఉపమాక దారి లాంటి ఊరి రోడ్డు మీద, బడి గేటు దగ్గర నుంచి బయల్దేరతారు. ఇంటి అరుగుకు ఆనించి ఒక ఆటో ఆగి ఉంది. దాని పక్క నుంచి దాటాలి. 'ఆటోలో డ్రైవరు ఉన్నాడా, ఇంజను ఆన్‌లో ఉందా చూడు' అని ముందు అడగాలి. లేడని తేలాక ఆటో బయటి అంచు దాకా వచ్చి, అక్కడ ఆగి, తల బయటపెట్టి రెండు వైపులా చూడాలి. ఆ బయటి అంచు దగ్గర ఆగడం అనే ఒక్క అలవాటు కోసం పిల్లవాడి చేత పదిసార్లు చేయించినా తక్కువే. తర్వాత బస్సు పాఠం. బస్సు దిగినవాడు దాని ముందు నుంచి దాటకూడదు. లారీ, బస్సు క్యాబిన్‌కు సరిగ్గా ముందు నిలబడిన చిన్నపిల్లవాడు డ్రైవరుకు కనబడడు, వెనక నుంచి ఓవర్‌టేక్ చేసే బైకుకూ కనబడడు. బస్సు వెళ్ళిపోయే దాకా ఆగాలి, ఆ తర్వాతే దాటాలి. ఫుట్‌పాత్ లేని రోడ్డులో ఎదురుగా వచ్చే బళ్ళు కనబడేలా కుడివైపు నడవాలి, వరుసగా నడవాలి. బంతి రోడ్డు మీదికి వెళితే బంతిని వదిలేసి పెద్దవాళ్ళను పిలవాలి. ఒంటిపూట బడులు మొదలైనప్పుడు ఈ పాఠం ఒకసారి మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే పన్నెండున్నరకు ఎండలో చెప్పులు కాలుతుంటే పిల్లలు నడవరు, పరిగెత్తుతారు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం: నేర్పే క్రమంలోనే ప్రమాదం జరిగితే? సమంజసమైన భయమే. దానికి జవాబు కూడా ఉంది. 1984లో డేవిడ్ లీ, ఆయన సహచరులు ఎడిన్‌బరోలో ఒక ఉపాయం చేశారు. నిజమైన రోడ్డుకు పక్కనే, దానికి సమాంతరంగా, నేల మీద అంతే వెడల్పుగా ఉత్తుత్తి రోడ్డు గీశారు. పిల్లలు నిజమైన రోడ్డు మీద వచ్చే బళ్ళను చూసి, ఉత్తుత్తి రోడ్డును దాటారు. తప్పు లెక్క వేసినా దెబ్బ తగలదు, కానీ తప్పు తెలుస్తుంది. బడి ప్రహరీ లోపల సున్నంతో రెండు గీతలు గీసి, గేటు బయట వెళ్ళే బళ్ళను చూస్తూ ఇది చేయడానికి ఖర్చేమీ లేదు. రెండో అభ్యంతరం టీచర్లది: భోజనం లెక్కలు కూడా యాప్‌లో ఎక్కించే మాకు ఇదొక్కటి తక్కువా అని. ఆ బాధ నిజమైనది. అందుకే డ్రమ్‌చాపెల్ ముఖ్యమవుతుంది, అక్కడ పని పేట మనుషులది. డ్వాక్రా సంఘాల మహిళలు, బడి విద్యా కమిటీలోని తల్లిదండ్రులు వారానికి అరగంట చొప్పున ఇస్తే ఒక తరగతి పిల్లలకు మూడు నేర్పులూ నేర్పవచ్చు. మండల విద్యాశాఖాధికారి చేయాల్సింది వాళ్ళకు ఒక పూట శిక్షణ ఇప్పించడం, అందరికీ కనబడే రంగు చొక్కా ఇప్పించడం.

మూడోది అసలు అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. హైవే దాటడం నేర్పకపోతే ఎలా? జీడితోటల్లో పనికీ, వేటకీ, ఫ్యాక్టరీ షిఫ్టుకీ పోయే తల్లిదండ్రులు పిల్లల్ని దాటించడానికి ఉండరు. ఇల్లు ఒకవైపు, బడి ఇంకోవైపు ఉన్న పిల్లవాడు దాటక తప్పదు కదా, తెలిసి దాటితే మేలు కదా? నా జవాబు: తెలియడం వల్ల ఆ వయసులో మేలు తక్కువ, ధీమా వల్ల కీడు ఎక్కువ. ముందు చెప్పిన కొలతలు అదే చెబుతున్నాయి. హైవే గురించి పిల్లవాడికి ఒక్కటే నేర్పాలి: పెద్దవాళ్ళు లేకుండా తెల్లగీత దాటి అడుగు పెట్టకు, ఎవరు పిలిచినా సరే, ఎంత ఆలస్యమైనా సరే. ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు, దాటించే మనిషిని ఏర్పాటు చేయాలి. జపాన్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ 1970లో రోడ్డు ప్రమాదాల్లో 16,765 మంది చనిపోయారు. దాన్ని వాళ్ళు ట్రాఫిక్ యుద్ధం అనేవారు. ఆ ఏడాదే ట్రాఫిక్ భద్రతకు మూల చట్టం చేశారు. 2022కి మృతుల సంఖ్య 2,610కి దిగింది. ఆ పనిలో బడిపిల్లల నడక ఏర్పాటు ఒక భాగం. బడి, తల్లిదండ్రులు, పోలీసులు కలిసి ప్రతి బడికీ నడక దారి నిర్ణయిస్తారు. చాలా ఊళ్ళలో పిల్లలు గుంపుగా, పెద్ద తరగతివాడు ముందు నడుస్తుండగా ఆ దారినే వెళ్తారు. ఒకటో తరగతివాళ్ళు దూరానికి కనబడే పసుపు టోపీ పెట్టుకుంటారు. కష్టమైన కూడలి దగ్గర జెండా పట్టుకుని ఒక పెద్దమనిషి ఉంటారు. హైవే అవతల నుంచి ఇరవై మంది పిల్లలు వచ్చే బడికి ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు ఒక మనిషి చాలు. గ్రామ పంచాయతీ ఆ మాత్రం వేతనం ఇవ్వలేదంటే నమ్మను.

రోడ్డు బాగుచేయకుండా పిల్లలకు పాఠాలు చెప్పడం నేరం ఒకరిదైతే శిక్ష ఇంకొకరికి వేయడమేనని కొందరంటారు. వాళ్ళతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. నెదర్లాండ్స్‌లో 1971లో 3,000కు పైగా జనం రోడ్ల మీద చనిపోయారు, వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. మరుసటి ఏడాది 'పిల్లల హత్యలు ఆపండి' అన్న పేరుతో తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు; రోడ్లే మారాయి. మన స్థితికి ఇంకా దగ్గరి ఉదాహరణ టాంజానియాలోని దార్ ఎస్ సలామ్. అక్కడ ఆమెండ్ అనే సంస్థ బడుల దగ్గర స్పీడ్ బ్రేకర్లు, నడిచే బాట, జీబ్రా గీతలు, బళ్ళు ఎక్కకుండా దిమ్మలు ఏర్పాటు చేసింది. కొన్ని బడుల గేటును పెద్దరోడ్డు వైపు నుంచి పక్కవీధి వైపు మార్పించింది. పిల్లలకు పాఠం కూడా చెప్పింది. 2019లో అచ్చయిన ఫలితం ప్రకారం ఆ బడుల పిల్లల్లో రోడ్డు గాయాల రేటు 26 శాతం తగ్గింది. ఇది పేద దేశంలో, గాయాలనే లెక్కపెట్టి తేల్చిన సంగతి. గేటు మార్చడం అనే చిన్న పని మన మండల పరిషత్ ప్రాథమిక బడుల్లో చాలావాటికి వెంటనే చేయవచ్చు. చట్టం కూడా కొంత తోడుంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 198ఎ సెక్షను రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణల లోపం వల్ల చావు జరిగితే కాంట్రాక్టరు మీద, డిజైనరు మీద, బాధ్యత గల అధికారి మీద లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటుంది. 2025 మేలో సుప్రీంకోర్టు నడవడానికి ఫుట్‌పాత్ ఉండటం 21వ అధికరణం కింద హక్కేనని చెప్పింది. కానీ అండర్‌పాస్ మంజూరై, టెండరై, పూర్తయ్యేసరికి ఈరోజు ఒకటో తరగతిలో ఉన్న పిల్లవాడు హైస్కూలుకు పోతాడు. ఆ మధ్య ఏళ్ళను కాపాడేది రోడ్డు మీది పాఠం, దాటించే చెయ్యి.

ఎప్పుడు నేర్పాలన్నది చిన్న విషయం కాదు. జాతీయ రోడ్డు భద్రతా మాసం జనవరిలో వస్తుంది. ఆంధ్రప్రదేశ్ బడులకు అదే నెలలో సంక్రాంతి సెలవులు. ర్యాలీ, ప్రతిజ్ఞ అయ్యేసరికి నెల గడిచిపోతుంది. విద్యా సంవత్సరం మొదలయ్యేది జూన్ రెండో వారంలో. కొత్తగా ఒకటో తరగతిలో చేరినవాడు, బడి మారినవాడు, తెలియని దారిలో నడవడం మొదలుపెట్టేది అప్పుడే. నేర్పడమూ అప్పుడే మొదలుకావాలి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, ఒంటిపూట బడులప్పుడు ఒకసారి మళ్ళీ చేయించాలి.

చివరగా బడి ఎక్కడుండాలన్న ప్రశ్న. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 కింద మూడు, నాలుగు, అయిదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్ళలో కలిపారు. పిల్లలు పెద్దరోడ్లు దాటాల్సి వస్తోందని అప్పట్లో తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. 2025లో ఆ జీవో పోయి మోడల్ ప్రైమరీ స్కూళ్ళ విధానం వచ్చింది, మళ్ళీ కొన్ని బడుల పిల్లలు ఒకచోటికి చేరుతున్నారు. ఒక కిలోమీటరు లోపలే కదా అని దూరాన్ని మాత్రం కొలిస్తే ఆ కిలోమీటరులో హైవే ఉందో లేదో కాగితం మీద కనబడదు. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నిబంధనలు దీన్ని ముందే ఊహించాయి: ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉంటే, దూరం పరిమితిని తగ్గించి అయినా ఆ ప్రమాదం తప్పేలా బడిని ఏర్పాటు చేయాలని వాటిలో స్పష్టంగా ఉంది. బడుల విలీనం మీద తీర్మానం అడిగినప్పుడు ఈ నిబంధనను రాతపూర్వకంగా అధికారుల ముందు పెట్టడం నక్కపల్లి లాంటి ఊళ్ళలోని ప్రతి విద్యా కమిటీ చేయాల్సిన పని.